ఒక పరుపు, ఒక అంగీ

పరాయి రాష్ట్రంలో, మరమగ్గాల జోల్వాలో మా గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది. అందులో ఇరవై మందిమి. మీరు నమ్మరు గానీ, ఆ మార్చి దాకా అది మాకు ఇరుకనిపించలేదు. పది మంది పగటి పాళీ, పది మంది రాత్రి పాళీ. ఒకడు మగ్గం దగ్గర నిలబడితే ఇంకొకడు వాడి పరుపు మీద పడుకునేవాడు. పరుపు చల్లారేది కాదు.

నర్సింగం కాకదీ సాంబయ్యదీ ఒకే పరుపు, తొమ్మిదేళ్లుగా. మేకూ ఒకటే. దానికి నీలి గళ్ల అంగీ ఒకటి వేలాడేది. కాక కొన్నదే, కానీ బజారుకు ఎవడు పోతే వాడిది. ఇద్దరి కొలతా ఒకటే. ఇంత పంచుకున్న మనుషులు తొమ్మిదేళ్లలో గట్టిగా గంటసేపు మాట్లాడుకున్నది లేదు. సాయంత్రం ఏడింటికి షెడ్డు గేటు దగ్గర ఒకడు లోపలికి, ఒకడు బయటికి. "తిన్నవా?" "తిన్న." అంతే.

కాక భయస్తుడు. ఇది తిట్టు కాదు, ఉన్నమాట. సిరిసిల్ల వైపు నుంచి ఇరవై రెండేళ్లప్పుడు వచ్చాడు, ముప్పై ఏళ్లుగా ఈ మగ్గాల మధ్యే. పోగు తెగితే భయం, మీటరు తగ్గితే భయం, మగ్గాల యజమాని సేఠ్ నవ్వినా భయమే. ఒకసారి పక్క మగ్గంవాడి వేలు ఇరుక్కుంటే, మగ్గం ఆపాలా, ముందు సేఠ్‌ను అడగాలా అని ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం సంగతి ఆయనే నాకు చెప్పాడు. సేఠ్ నూలు కొనాలి, కరెంటు కొనాలి. పనోడి భయం మాత్రం ఊరికే వస్తుంది.

లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగాయి. ఇరవై మందిమీ మొదటిసారి ఒకేసారి మెలకువగా ఆ గదిలో ఉన్నాం. చప్పుడు లేక కాకకు నిద్ర పట్టేది కాదు. సాంబయ్య మాట్లాడేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు బీడీ కార్మికుల సంఘంలో తిరిగిన మనిషి.

"అన్నా, సేఠ్‌కు చేతులు రెండే. గిన్ని మగ్గాలను, గింతమందిని రెండు చేతులతోని పట్టుకుంటడా? మూడో చెయ్యి ఒకటున్నది. అండ్ల లాఠీ ఉంటది. దాన్నే సర్కారంటరు."

"జర మెల్లగ, తమ్మీ. గోడకు చెవులుంటయి."

"గోడ అవతల గూడ ఇరవై మందే ఉన్నరు. వాళ్ల చెవులే గావాలె నాకు."

అందరూ నవ్వారు. కాక లేచి తలుపు గడియ చూసుకున్నాడు.

ఏప్రిల్ అయ్యేసరికి బియ్యం అడుగంటాయి. సేఠ్ ఫోన్ ఎత్తడు. ఊళ్లకు పంపమని, ఆగిన జీతం ఇమ్మని జనం రోడ్డెక్కారు. సాంబయ్య మేకుకున్న అంగీ తొడుక్కుని, మొహానికి తువ్వాల కట్టి ముందు నడిచాడు. కాక రాలేదు. "గిన్నెలు తోముత," అన్నాడు. రోడ్డు మీద బాష్పవాయువు వదిలారు. సాంబయ్య కళ్లు మండుతుంటే పరుగెత్తుకొచ్చి, అంగీ ఉతికి దండెం మీద ఆరేశాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు పోలీసులొచ్చారు. వెంట మార్కండేయ, మగ్గాల మీదికి మనుషుల్ని పెట్టే ముకాదమ్. మన తెలుగువాడే, మా కులపోడే. పోలీసు ఫోన్‌లో ఫొటో ఉంది. అందులో మొహం తెలియడం లేదు, అంగీ తెలుస్తోంది. మార్కండేయ ఫొటో చూశాడు, దండెం చూశాడు.

"ఏంది నర్సింగం, నువ్వేనా? నిన్ను సల్లని మనిషనుకుంటిని గదనే."

సాంబయ్య అప్పుడు డాబా మీద నీళ్ల వరసలో ఉన్నాడు. కింది మాట మెట్ల దాకా వినపడుతుంది. 'నేను కాదు' అని నర్సింగం కాక ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మిగతా పద్దెనిమిది మందిమీ నేల చూశాం. మెట్లు ఎవరూ దిగలేదు.

ఆ అంగీనే తొడిగించి తీసుకుపోయారు.

పదకొండు రోజులకు వదిలారు. ఎడమ పాదం నేలకు పూర్తిగా ఆనడం లేదు. దోస్తును పట్టియ్యలేదని గదంతా ఆయన్ని మెచ్చుకుంది.

"థూ," అన్నాడు కాక. "పట్టియ్యకపోవుడు గాదు. భయానికి నోరు పెగల్లే."

సాంబయ్య మూలన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "నేను మెట్ల మీదనే ఉంటినన్నా," అన్నాడు. "నాలుగు మెట్లు. దిగలేకపోయిన."

"ఎరికే. నీ చెప్పులు కనవడ్డయి."

జూన్ దాటాక మగ్గాలు నడిచాయి. మీటరు రేటు తగ్గించారు. మళ్లీ అదే పరుపు, మళ్లీ "తిన్నవా", "తిన్న". మేకుకున్న అంగీని మాత్రం ఇద్దరూ ముట్టరు. పోలీసులు మళ్లీ వస్తారేమోనని కాక చెప్పులేసుకునే పడుకుంటున్నాడు.

ఆర్డర్లు తగ్గి ఇప్పుడు ఆదివారాలు మగ్గాలు ఆపుతున్నారు. రెండు పాళీలూ కలిసేది ఆ ఒక్కరోజే. మొన్న ఆదివారం రేటు సంగతి మాట్లాడదామని పక్క గది వాళ్లూ నలుగురొచ్చారు. ఎవరూ మొదలుపెట్టరు. అందరి చూపూ సాంబయ్య మీద, అతని చూపు మేకు మీద. కాక లేచాడు. గిన్నెల దగ్గరికి పోతాడనుకున్నాను. తలుపు గడియ పెట్టి, దానికే వీపు ఆనించి కూర్చున్నాడు. మోకాళ్లను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"మెట్ల మీద సప్పుడైతే నేను చెప్త," అన్నాడు. "నువ్వు షురూ చెయ్యి, తమ్మీ. జర మెల్లగ."