రొట్టె చప్పుడు ఆగినప్పుడు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, చదవడం వచ్చి కూడా రానట్టు ఉండిపోదామని ఒక రోజంతా అనుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. డైరీ రాసే అలవాటు నాకు చాలా ఏళ్ళుగా ఉంది. అందులో కూడా ఆ రోజు గురించి రాయలేకపోయాను. రాయబోతే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది.

మాది కోసిగి దగ్గర ఒక పల్లె. పత్తి ఏరడం అయిపోయి చలి మొదలయ్యేసరికి ఊరు సగం సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి లారీలెక్కి పోవడాన్ని మావాళ్ళు సుగ్గి అంటారు. పోయినవాళ్ళు ఎండలు ముదిరాక గాని తిరిగి రారు. పిల్లలూ వెంట పోతారు. తిరిగి వచ్చాక కొందరు మళ్ళీ బడిలో కూర్చుంటారు, కొందరు ఇక కూర్చోరు. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల అలా పోయి వచ్చి, గొర్రెల వెంట తిరగడం మొదలుపెట్టింది. నేనూ ఆ ఏడు మా వాళ్ళతో పోయినదాన్నే. వేళ్ళకు ఎక్కిన మిరప ఘాటు, మండే కళ్ళు, ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుని ఏడవడం, గాలికి పటపటా కొట్టుకునే ప్లాస్టిక్ పట్టా గుడిసె, ఇవన్నీ నాకు తెలుసు. తిరిగి వచ్చేసరికి పుస్తకంలో సగం పాఠాలు నన్ను వదిలి ముందుకు వెళ్ళిపోయాయి.

నాకు చదవడం వచ్చు. మనుషుల ముందు గొంతు రాదు, అంతే. ఎవరైనా నా ముఖంలోకి చూస్తే నాలుక పిడచగట్టుకుపోయేది. బడిలో సారు లేపి నిలబెడితే అక్షరాలు కనబడుతూనే ఉండేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. కాసేపు చూసి ఆయన కూర్చోమనేవారు. నేను చదివేది ఒక్క చోటే, మా ఇంట్లో, పొయ్యి దగ్గర.

సాయంత్రం అమ్మ పొయ్యి వైపు తిరిగి జొన్నరొట్టెలు తట్టేది. నేను ఆమె వీపు వెనక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ వీపుకు కళ్ళు లేవు గనక నాకు భయం ఉండేది కాదు. బండ మీద రొట్టె తట్టే చప్పుడుకు నా గొంతు తోడయ్యేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ నాకు రాని మాటను నేను గొంతు తగ్గించి దాటేస్తే ఆమె చెయ్యి ఆగిపోయేది. రొట్టె చప్పుడు ఆగితే నాకు అర్థమయ్యేది. వెనక్కి పోయి ఆ మాటను కూడబలుక్కుని చదివితే మళ్ళీ చెయ్యి కదిలేది. తప్పో ఒప్పో ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. వినేది, అంతే. అప్పుడప్పుడు మాత్రం మధ్యలో ఒక ప్రశ్న వేసేది. వాన మీద పాఠం చదువుతున్నప్పుడు, "ఆ మబ్బులు మనూరికి ఎప్పుడొస్తాయో అందులో రాసినారా?" అని అడిగింది. రాయలేదన్నాను. "అయితే రాసినోడు ఈ పక్క రాలేదులే" అంది.

సుగ్గికి పోయేముందు వారం రోజులూ అమ్మ మామూలు కంటే ఎక్కువ రొట్టెలు చేసేది. దారిలోనూ, పోయిన కొత్తలో అక్కడా తినడానికి వాటిని కరకరలాడేలా కాల్చి, ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టేవాళ్ళు. నాలుగో తరగతి ఏడు రొట్టెల దొంతర పెరిగిన కొద్దీ నాకు చదవడానికి ఎక్కువ పొద్దు దొరికింది. ఆ దొంతర చూస్తే పోయే రోజు దగ్గర పడుతోందని భయమూ వేసేది.

ఒకరోజు సారు బస్టాండు దగ్గర టీ అంగడిలో మా నాయనతో మాట్లాడారు. ఉప్మా తెమ్మని నన్ను పంపితే అక్కడికి పోయి, ఆ మాటలు విన్నాను. ఈ ఏడు పాపను అవ్వ దగ్గర వదిలిపెట్టి పొమ్మని సారు అన్నారు. కానీ ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "నీకు ఉన్నది ఉన్నట్టు చెప్తానప్పా. ఆ పాప నా దగ్గర నోరు తెరవదు. చదువు వచ్చో రాదో నాకే తెలియదు" అని కూడా చెప్పారు. మా నాయన గ్లాసు కింద పెట్టి, "రేపు నేనే బడికొస్తా సా. నా ముందర సదివితే ఇడిసిపెట్టి పోతాం. సదవకుంటే మాతో వచ్చి కాయ కోస్తాది. ఈడ ఊరికే కూకోని ఏం జేస్తాది?" అన్నాడు.

ఇంటికి వచ్చి మూలకు కూర్చున్నాను. చదవకపోతే బడి పోతుంది. చదివితే అమ్మ పోతుంది. మా అవ్వకు రేచీకటి. పొద్దు గుంకితే చేత్తో గోడ తడుముకుంటూ నడిచేది. ఆమెతో ఆ చీకటి ఇంట్లో అన్ని నెలలు ఉండటం తలచుకుంటే పట్టపగలే చీకటి పడినట్టయ్యేది. గుంటూరు తలచుకుంటే కళ్ళు మండినట్టయ్యేది. ఎటు చూసినా భయమే. చివరికి కళ్ళ మంటే నయమనిపించింది. రేపు నోరు తెరవకూడదని గట్టిగా అనుకున్నాను. నేను కొత్తగా చేయవలసింది ఏమీ లేదు, రోజూ ఉన్నట్టే ఉంటే చాలు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర పుస్తకం తెరవలేదు. అమ్మ ఎందుకని అడగలేదు. రొట్టెలు తడుతూనే ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మా నాయనా ఇద్దరూ బడికి వచ్చారు. నాయన గడప మీద కూర్చున్నాడు. అమ్మ బయట వేపచెట్టు దగ్గరే నిలబడింది. నన్ను బడిలో చేర్చిన రోజు కూడా ఆమె గడప దాటి లోపలికి రాలేదు. సారు నన్ను లేపారు. వాన పాఠమే తీయమన్నారు. తరగతి అంతా నా వైపు తిరిగింది. చదవకూడదని నేను అనుకున్న మాట గుర్తుకు తెచ్చుకునే అవసరమే రాలేదు. చదవాలన్నా చదవలేకపోయేదాన్ని.

నాయన తువ్వాలు దులిపి లేచి, "ఇంకేముంది సా. మాతోనే వస్తాది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు అమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నా ముందుకు వచ్చి, నాకు వీపు పెట్టి, నల్లబల్ల వైపు తిరిగి కింద కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది. అరచేత్తో బండల మీద తట్టడం మొదలుపెట్టింది. తప్, తప్, తప్.

"సా, సా! ఆయమ్మ బడిలో రొట్టె తడ్తాండాది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ విరగబడి నవ్వారు. సారు వాళ్ళను గద్దించలేదు. అమ్మ వీపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "అందరూ అటు గోడ వైపు తిరగండిరా" అని, తాను కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నాయన కూడా వీధి వైపు ముఖం తిప్పుకున్నాడు.

"పొయ్యికాడ సదివినట్ల సదువు పాపా" అంది అమ్మ, తల తిప్పకుండా.

నన్ను ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. ఇక నేను చదవకపోతే అది భయం వల్ల కాదు, నేను కావాలని చేసినట్టే. అమ్మ చెయ్యి ఆడుతోంది. నేను చదివితే ఈ చెయ్యి నా నుంచి దూరంగా పోతుందని ఆమెకు తెలియదా? తెలుసు. ముందురోజు సాయంత్రం నేను పుస్తకం తెరవనప్పుడే ఆమెకు అంతా తెలిసిపోయి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. తెలిసే వచ్చి కూర్చుంది. అంతలో ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను ఏ మాటా దాటేయలేదు, అసలు మొదలే పెట్టలేదు. అయినా ఆగింది. ఆ నిశ్శబ్దం నేను ఓర్చుకోలేకపోయాను.

చదివాను. మొదటి వాక్యం నాకే వినబడలేదు. చప్పుడు మళ్ళీ మొదలైంది. రెండో వాక్యానికి గొంతు వచ్చింది. మధ్యలో ఒక ఒత్తక్షరం దగ్గర తడబడి దాటబోతే చెయ్యి ఆగింది, వెనక్కి పోయి సరిగ్గా చదివాను. పాఠం అయ్యేదాకా చదివాను. అయ్యేసరికి ఏడుస్తున్నాను.

మా నాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. "ఇంట్లో ఇట్ల సదువుతాదని నాకెప్పుడూ సెప్పలేదే?" అన్నాడు.

"నువ్వు పొద్దు గుంకినంక ఇంట్లో ఉంటే గదా. రచ్చకట్టమీద కూకోని ఊరోళ్ళ పంచాయితీలు సేస్తాంటే నీకేం ఇనపడ్తాది?" అంది అమ్మ, చేతులు దులుపుకుని లేస్తూ. ఈసారి పిల్లలతో పాటు సారు కూడా నవ్వారు. నాయన కూడా కొంచెం నవ్వాడు.

ఇప్పుడు నేను ఆదోనిలో ఒక బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. పిల్లల్ని దింపి గేటు దగ్గరే ఆగిపోయే తల్లులు అక్కడా ఉన్నారు. "మాకేం తెల్సు మేడం, మీరే కొట్టి సెప్పండి" అంటారు. వాళ్ళతో మాట్లాడటానికి నాకు ఇప్పటికీ బెరుకే. అయినా దగ్గరికి పోయి, మీ పని మీరు చేసుకుంటూనే పిల్ల చదివేది వినండి, చాలు అని చెబుతాను. కొందరు నమ్మరు. ఒకరిద్దరు వింటారు. ఆ పిల్లలు ఎవరో తరగతిలో నాకు తెలిసిపోతుంది. ప్రతి ఉదయం మొదటి గంట కొట్టగానే నా గొంతు కొంచెం వణుకుతుంది. వణుకు తగ్గేదాకా ఆగను, మొదలుపెట్టేస్తాను. అది లారీ కదిలిన రోజు నుంచి నాకు వచ్చిన అలవాటు.

ఆ పొద్దున ఊరి బయట లారీ నిలిచి ఉంది. మూటలు ఎక్కించారు, మనుషులు ఎక్కారు. అవ్వ నా భుజం పట్టుకుని ఉంది. అమ్మ పైనుంచి కిందికి వంగితే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎన్నడూ నోటితో అనని మాట అప్పుడు అన్నాను. "అమ్మా, నాకు భయమైతాండాది." భయం పోతుందిలే అని అంటుందనుకున్నాను. లారీ కదలబోతుండగా చెయ్యి విడిపించుకుని, నా ముఖంలోకి సూటిగా చూసి అంది:

"కానీలే. భయపడుకుంటానే సదువు."