కథకు ఇజాజత్

ఆ రోజుల్లో ఎక్కడైనా కథ చెప్పించాలంటే పోలీసు ఠాణా ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. దానికి అర్జీ, మైకు లైసెన్సు, చెప్పబోయే కథ మొత్తం రాసిన ప్రతి పెట్టాలి. నైజాం కాలంలో అర్జీలు మా నాన్న, బాపు, ఉర్దూలో రాసేవాడు. తెలుగులో రాయమన్నాక ఆ పని నా మీద పడింది. నలుగురిలో నోరు మెదపలేనిదాన్ని గానీ, కాగితం ముందు నాకు బెరుకు ఉండేది కాదు.

ఆ ఏడు రాయాల్సింది తాత చెప్పే కథ. తాత అంటే అవ్వను, మా అమ్మను, కన్న తండ్రి, ఊరూరా కథలు చెప్పిన మనిషి. ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా మామ, గోదావరి అవతల బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయాడు. సంవత్సరీకం నాడు అక్కడ కథ చెప్పాలని మామతో పనిచేసినవాళ్ళు అడిగారు. కొడుకు పోయినప్పటి నుంచి తాళాలు ముట్టని తాత సరేనన్నాడు.

ఆ కథ ఎన్నడూ కాగితం మీదికి ఎక్కలేదు. ఉత్త మాటల్లో చెప్పమంటే తాతకు రాదు, పాడితేనే వస్తుంది. ఇంట్లో ఆయన పాడుతుంటే నేను రాశాను. రాజకొడుకు వేటకు పోయే చోట తాత ఆగిపోయాడు.

"ఇగ చాలు బిడ్డా. సావు ఇంట్ల పాడద్దు."

అది కథకుల కట్టడి. నేను 'ఇక్కడ రాజకుమారుడు మరణించును' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను.

ఠాణాలో రాతపని చూసే ముంషీ కాగితాలు తిరగేశాడు. "సచ్చిండని రాసిన్రు. ఎట్ల సచ్చిండో ఏది?"

"గది ఇంట్ల పాడరు సాబ్" అన్నాడు బాపు.

"ఇంట్ల పాడకుంటే చెల్కల పాడుర్రి. కథ చెప్పేకాడ పోలీసు జవాను కాగితం పట్టుకొని కూసుంటడు. తేడా వస్తే కథ బంద్."

ఆ రోజు అవ్వ నాతో మెల్లగా అంది: "కట్టడని అంటుండు గానీ, గా ముచ్చట పాడుడు నాయినతోని అయితదా?"

మరునాడు తాత వెంట చెలకకు, మా మెట్టపొలానికి, పోయాను. ఆయన నాగలి చాళ్ళ వైపు చూస్తూ నిలబడి పాడాడు. రాజు తన కొడుకు శవాన్ని తడిమే చోట పాట ఆపాడు. అక్కడి ఒక్క మాట పాడలేదు, మామూలుగా చెప్పాడు.

"రాసుకున్నవా?"

"రాసిన తాతా."

"మల్ల సదవకు."

ఠాణా మొహరు ముద్ర వేసిన ఇజాజత్ వచ్చింది. బొగ్గుబాయి కూలీల గుడిసెల మధ్య పొద్దు వాలుతుండగా కథ మొదలైంది. జవాను ముందు వరుసలో కూర్చుని, నేను రాసిన వరుసల వెంట వేలు జరుపుతున్నాడు. అవ్వ ఆడవాళ్ళలో నా పక్కన ఉంది. రాజకొడుకు శవం దగ్గరికి వచ్చేసరికి తాత ఆగాడు. వంత పాడేవాళ్ళు పాత చరణాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పారు. మైకులో తాత ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

తాత మరిచిపోయాడనుకున్నాడేమో, జవాను లేచి సమన్లు చదివినట్టు గట్టిగా చదివాడు.

"కొడుకా, నీ చెయ్యి గింత సల్లగున్నదేంది."

తాత అతని వైపు తిరిగాడు.

"అవు సారూ. గదే" అన్నాడు.

తాళం ఎత్తి ఆ మాటనే రాగంలోకి తీసుకున్నాడు. మంగళం దాకా పాడాడు. అప్పటిదాకా అవ్వ నా చెయ్యి వదలలేదు.