ఇంజనే తిరిగితే

నా రిటైర్మెంటుకు కొన్నేళ్ళ ముందు గోదావరిఖని బొగ్గు గనుల్లో నేను ఏరియా వర్క్‌షాపు ఫోర్‌మన్‌ని. ఆ డిసెంబరులో రక్షణ పక్షోత్సవాలు వచ్చాయి, అంటే పనిలో ప్రమాదాలు జరగకుండా రెండు వారాల ప్రచారం. ప్రతి గనీ, ప్రతి వర్క్‌షాపూ ఒక స్టాలు పెట్టాలి, బాగున్నదానికి షీల్డు. మా టర్నర్ ఖాజా భాయ్‌కి సర్వీసులో అదే ఆఖరి ఏడాది. జీవితమంతా ఇనుము చెక్కే లేతు ముందు నిలబడ్డాడు గానీ ఒక్కసారైనా స్టేజీ ఎక్కలేదు. ఈసారి షీల్డు తన చేత్తో అందుకోవాలని ఆశ.

తొలినాళ్ళ విమానాల రోటరీ ఇంజన్ నమూనా చేద్దామన్నది నా పిచ్చి. అందులో మధ్యలోని షాఫ్టును విమానానికి బిగించేస్తారు. సిలిండర్లన్నీ ముందుండే ప్రొపెల్లరుతో పాటు గిర్రున తిరుగుతాయి. మీ ఇంట్లో సీలింగ్ ఫ్యానూ అంతే, రాడ్డు కదలదు, మోటారు డొప్ప తిరుగుతుంది. అలా తిరగడం వల్లే గాలి తగిలి సిలిండర్లు చల్లబడేవి. తర్వాత కార్లలోకి వచ్చిన రోటరీ వేరే సంగతి. దాంట్లో బయటి గుల్ల కదలదు, లోపల మూడు మూలల రోటరు తిరుగుతుంది.

ఖాజా భాయ్ లేతు మీద సిలిండర్లు ముద్దొచ్చేలా తీశాడు. కంప్రెసర్ గాలితో తిప్పే ఏర్పాటు చేశాం. అసలు ఇంజన్లలో కందెనగా ఆముదం వాడేవారని మేమూ ఆముదమే పోశాం. స్టాల్లో పెట్టిన పాత ఫోటోలో ఇంజన్ చుట్టూ ఒక రేకు టోపీ ఉంది. అది సోకు కోసమనుకుని, జనానికి కనపడాలని మా నమూనాకు పెట్టలేదు. అయితే తిరిగే ప్రతి భాగానికీ చెయ్యి పడకుండా గార్డు ఉండాలన్నది మా నియమం. ఇక్కడ తిరగనిది షాఫ్టు ఒక్కటే! అందుకని మొత్తం చుట్టూ జాలీ బిగించాం.

జడ్జీగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు తెల్ల చొక్కాలో ఉన్నారు. జాలీని గట్టిగా లాగి చూసి తల ఊపారు. ఖాజా భాయ్ మొహం వెలిగింది. నేను వాల్వు తిప్పాను. ఇంజన్ ఊపందుకుంది, జాలీ సందుల్లోంచి ఆముదం చిమ్మి ఆయన చొక్కా పాడైపోయింది.

"గార్డు ఉన్నది గద సార్," అన్నాను, వాల్వు కట్టేస్తూ.

ఆయన రుమాలుతో తుడుచుకుంటూ ఫోటో చూపించారు. "మరి ఆ రేకు దేనికి పెట్టిన్రనుకున్నరు? నూనె పైలట్ మొఖాన కొట్టకుంట!"

షీల్డు వేరే గనికి పోయింది. ఖాజా భాయ్ కళ్ళలోకి చూడలేకపోయాను, అంత బాధేసింది. ఆయనే నవ్వాడు. "ఫికర్ చెయ్యకు సాబ్. ఇంజన్ మాత్రం మస్తు తిరిగింది."

ఆయన స్టేజీ ఎక్కకుండానే రిటైరయ్యాడు. ఆ తర్వాత నేను ఏ మెషిన్‌కు గార్డు పెట్టించినా రెండు ప్రశ్నలు వేసుకునేవాణ్ణి: లోపలికి ఏం పోకూడదు, లోపల్నించి ఏం రాకూడదు? ఆ రోజు మేం మొదటిదే అడిగాం.