దిగుడులో మూడు దెబ్బలు

మూసాపేటలో హైవే పక్కన సీతారామయ్య రేకుల షెడ్డుకు బోర్డు లేదు. చెవి మేస్త్రి ఎక్కడ అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, అరనిమిషంలో జబ్బు చెప్పేవాడు. పేరు అలా వచ్చింది.

ఆ చెవులు పోయి రెండేళ్లవుతోంది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదాంట్లో పావు వంతు మిగిలింది. సంగతి భార్య పుణ్యవతికి ఒక్కర్తికే తెలుసు. ఆవిడ కూడా ఆ మాట ఎత్తదు. ఏదైనా చెప్పాలంటే ఆయన ఎదటికి వచ్చి నిలబడి చెబుతుంది, అంతే. షెడ్డులో ఆయన ఎదటివాళ్ల పెదాలు చూస్తాడు. ఇంజను మీద అరచెయ్యి వేస్తాడు, పొగ రంగు చూస్తాడు, నూనె వాసన చూస్తాడు. చాలా బండ్లకు అది సరిపోతుంది. స్క్రూడ్రైవర్ మాత్రం ఇప్పటికీ చెవికి పెట్టుకుంటాడు. జనం దాన్ని చూడటానికే వస్తారు మరి.

పక్కన టీ బండి గంగమ్మ పిలిచి పిలిచి విసిగి, గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేది.

“ఏంది మేస్త్రీ, నోరు పోతుంది నాకు. జర పలుకరాదు?”

“పనిలో ఉన్నానండి,” అనేవాడు.

“ఏం పనో ఏమో. బండి దగ్గితే ఇనపడ్తది, మనిషి పిలిస్తే ఇనపడదు.”

1999 వానాకాలంలో గోవిందప్ప తన వ్యాన్ తీసుకొచ్చాడు. అనంతపురం వైపు మనిషి. మూసాపేటలోనే కిరాయికి ఉంటూ, మెహదీపట్నం నుంచి తొమ్మిదిమంది కంప్యూటర్ ఉద్యోగుల్ని పొద్దున సైబర్ టవర్స్‌కి చేర్చి, సాయంత్రం దింపుతాడు. తెల్ల వ్యాన్, పద్నాలుగేళ్లది. వెనక తలుపుకు అయిదు నిమ్మకాయలు, మిరపకాయల దండ వేలాడుతున్నాయి. ముందు కట్టాల్సినవి వెనక ఎందుకు కట్టాడా అని సీతారామయ్య అనుకున్నాడు.

“సామీ, బండిలో ఎవురో తలుపు కొడ్తాండారు,” అన్నాడు గోవిందప్ప. “లోపల్నుంచి. మూడు దెబ్బలు. కొంచేపు ఆగి మళ్లా మూడు.”

“ఎక్కడండీ?”

“వెనకాల. పొద్దున కాదు, అన్నిచోట్లా కాదు. సాయంత్రం ఖాజాగూడ రాళ్ల కాడ దిగుడులో. ఆడికొస్తే సాలు.” చుట్టూ ఒకసారి చూశాడు. “కొన్న మూణ్ణెల్లకు తెలిసిందిలే సామీ. ఇది అంతకుముందు ఒక దవాఖానలో శవాల బండంట. చెప్పకుండా అంటగట్టినాడు నాకు.”

సీతారామయ్య నవ్వాడు. ఇంజను వేయించి, వెనక తలుపు దగ్గర వంగి, స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఏమీ లేదు. నీళ్లలో మునిగినప్పుడు ఉండే నిశ్శబ్దం లాంటిది తప్ప ఏమీ లేదు. నిలబడిన బండిలో ఆ చప్పుడు రాదని ఆయనకూ తెలుసు. దారి మీద వినాలి. దారి మీద వినాలంటే చెవి ఉండాలి. కళ్లు తెరిచేసరికి గోవిందప్ప గుళ్లో ప్రశ్న అడిగినవాడిలా చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“తలుపు బందు వదులైందండి,” అన్నాడు సీతారామయ్య.

బందు బిగించి, సందులో రబ్బరు వేసి పంపాడు.

నాలుగో రోజున వ్యాన్ మళ్లీ వచ్చింది. ఈసారి సీతారామయ్య సైలెన్సర్ క్లాంపు అన్నాడు. మార్చాడు. మార్చేటప్పుడు ఆయన వేళ్లకే తెలిసింది, పాత క్లాంపు శుభ్రంగా ఉందని.

తరువాతి బుధవారం గోవిందప్ప షెడ్డు బయటే ఆగి, లోపలికి రాకుండా చెప్పాడు. “ఎక్కువైంది సామీ. ఆడపిల్లలు వెనక సీట్లో కూచోవడం మానేసినారు. తొమ్మిదిమందీ ముందుకే నూక్కుంటాండారు. రేపు నువ్వే వచ్చి ఇను. నీ చెవికి దొరకకపోతే ఇంగ అది మనుషులు బాగుచేసేది కాదనుకుంటా.”

మర్నాడు సాయంత్రం సీతారామయ్య సైబర్ టవర్స్ ముందు వ్యాన్ ఎక్కాడు. గుండ్రటి అద్దాల మేడ వెనక, ఇంకా పగలగొట్టని బండలు వానకు తడిసి నల్లగా ఉన్నాయి. ఉద్యోగులు మెడల్లో కార్డులతో, ముందు సీట్ల కోసం తోసుకుంటూ ఎక్కారు. వెనక సీటు ఆయన ఒక్కడికే మిగిలింది. లోహిత్ అనే కుర్రాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. సీతారామయ్య పెదాలు అందుకోలేకపోయి, తనూ నవ్వాడు.

ఖాజాగూడ రాళ్లు వచ్చాయి. దారి ఎడమకు వంగి కిందికి దిగుతోంది. గోవిందప్ప బ్రేకు మీద కాలు పెట్టాడు.

సీతారామయ్యకు వినపడలేదు. కానీ చూశాడు. అందరి నోళ్లూ ఒక్కసారే ఆగాయి. కిటికీ పక్కన ఉమాశ్రీ అనే అమ్మాయి సంచీని గుండెలకు హత్తుకుంది. తొమ్మిది మెడలూ ఒక్కటై తిరిగాయి, ఆయన వైపు కాదు, ఆయన వెనకున్న తలుపు వైపు. ఆ చూపులు ఆయన భుజాల మీదుగా వెళ్లి ఎవరి మీదో ఆగాయి. తిరిగి చూశాడు. తలుపు, రబ్బరు, అద్దానికి అవతల ఊగుతున్న నిమ్మకాయలు.

మళ్లీ ఇటు తిరిగేసరికి ఉమాశ్రీ ఆయన్నే చూస్తోంది. “విన్నారా అంకుల్?”

“విన్నానమ్మా,” అన్నాడు.

“ఏంటది?”

ఆయన వంగి తలుపు రబ్బరు తడిమి చూశాడు. బండి దిగుడు దాటింది. చప్పుడు ఆగిందని కూడా వాళ్ల మొహాలు చూసే తెలుసుకున్నాడు. అది దయ్యమే అయితే, తొమ్మిదిమందికి వినిపించి, తన ఒక్కడి దగ్గరే దాక్కున్నదన్నమాట. దయ్యం కాకపోతే ఇంకా ఘోరం. ఎక్కడో ఏదో విరుగుతోంది. విన్నానని తను చెప్పినందుకు వీళ్లు రేపు కూడా ధైర్యంగా ఎక్కుతారు.

ఆ రాత్రి అన్నం దగ్గర పుణ్యవతి ఎదటికి వచ్చి నిలబడింది. “దొరికిందా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“చెప్పెయ్యండి మరి.”

“ఏమని?”

“ఏమనో మీకు తెలీదా?” అంది.

ఆయనకు బుల్లిబాబు గుర్తొచ్చాడు. బెజవాడలో తనకు పని నేర్పిన మేస్త్రి. ముసలితనంలో చెవులు పోయాక, స్క్రూడ్రైవర్ పిడిని పళ్లతో కరిచి పట్టి ఇంజను వినేవాడు. కుర్రాళ్లందరూ ఆయన వెనక చేరి, పుల్లలు కరిచి, కళ్లు మూసుకుని వెక్కిరించేవాళ్లు. అందరికంటే బాగా వెక్కిరించేది సీతారామయ్యే. నమిలే మేస్త్రి అని పేరు కూడా తనే పెట్టాడు. ఏడాది తిరక్కుండా బుల్లిబాబుకు బండి ఇచ్చేవాళ్లు లేకపోయారు. గేటు దగ్గర పీట మీద కూర్చుని, పోయే లారీల వైపు నోరు కొంచెం తెరిచి చూస్తూ ఉండేవాడు.

శుక్రవారం పొద్దున్నే సీతారామయ్య గోవిందప్పను పిలిచి, ఖాళీ వ్యాన్లో ఖాజాగూడకు తీసుకెళ్లమన్నాడు. మనుషుల ముందు కాకుండా పని కానిద్దామని ఆయన ఆశ. దిగుడులో మూడుసార్లు దిగారు. ప్రతిసారీ గోవిందప్ప తల అడ్డంగా ఊపాడు.

“జనం ఉంటేనే వస్తాది సామీ అది. ఒంటిగా ఉన్నోళ్లను ఏమనదు.”

సీతారామయ్య రోడ్డు పక్కన బండ మీద కూర్చున్నాడు. జనం ఉంటేనే. పొద్దున జనం ఉన్నా, ఇదే దారి ఎక్కుడు. సాయంత్రం దిగుడు, మలుపు, బ్రేకు, తొమ్మిదిమంది బరువు. అప్పుడు మాత్రమే. దయ్యానికి బరువుతో ఏం పని? బరువుకు మూలిగేది ఇనుము. దాన్ని పట్టాలంటే మాత్రం, ఆ తొమ్మిదిమందినీ ఎక్కించుకునే దిగాలి.

సాయంత్రం సైబర్ టవర్స్ ముందు, అందరూ ఎక్కాక, ఆయన వ్యాన్ మెట్టు మీద నిలబడ్డాడు.

“ఒక్క మాటండి. నిన్న నేను విన్నానని చెప్పాను. వినలేదు. నాకు చెవులు లేవు. రెండేళ్లయింది.”

ఎవరూ నవ్వలేదు. గోవిందప్ప స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఇటు తిరిగాడు.

“మరి తలుపు బందు? ఆ క్లాంపు?”

“ఊహించి చెప్పానండి.”

గోవిందప్ప పెదాలు కదిలాయి. ఈసారి ఆ తిట్టును అందుకోవడం సీతారామయ్యకు కష్టం కాలేదు. తల వంచుకున్నాడు.

“ఇవాళ మునుపటిలా అందరూ ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి. వెనక సీట్లోనూ కూర్చోవాలి. మెల్లగా, నడక వేగంలో దిగుదాం. చప్పుడు మొదలవగానే, అమ్మా, నువ్వు నా భుజం తట్టు.”

ఉమాశ్రీ లేచి వెనక సీట్లోకి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు.

ఖాజాగూడ రాళ్ల దగ్గర సీతారామయ్య వ్యాన్ నేల మీద మోకాళ్లు వేశాడు. స్క్రూడ్రైవర్ మొన ఇనుప నేలకు ఆనించి, పిడిని పళ్ల మధ్య పెట్టుకుని కరిచాడు. పిడికి గ్రీజు రుచి ఉంది. బండి ఎడమకు వంగింది. చిన్న చెయ్యి భుజం మీద పడింది.

అప్పుడు వచ్చింది. చెవిలోంచి కాదు. దవడలోంచి, పుర్రెలోంచి. టక్. టక్. టక్. రెండేళ్ల తరువాత ఆయన విన్న మొదటి స్పష్టమైన చప్పుడు. నిజంగా ఎవరో లోపలినుంచి, తెరవమని అడుగుతున్నట్టే ఉంది. పన్ను నొప్పెట్టినా వదలలేదు. మొనను తలుపు దగ్గరికి జరిపాడు, చప్పుడు సన్నబడింది. కుడి చక్రం వైపు జరిపాడు, ఇంకా సన్నబడింది. ఎడమ వెనక చక్రం మీదికి తెచ్చేసరికి దవడ అదిరింది.

చెయ్యి ఎత్తాడు. గోవిందప్ప బండి ఆపాడు.

అందర్నీ దింపి, జాకీతో బండి ఎత్తి, చక్రం పైని కమాను పట్టీలను ఇరుసుకు కట్టి ఉంచే బోల్టులు వదులు చేశాడు. పట్టీల కట్టలో అన్నిటికంటే పైది, మొత్తం బరువు మోసేది, సరిగ్గా బోల్టుల కింద, కంటికి ఆనని చోట, రెండుగా విరిగి ఉంది. విరిగిన అంచులు ఒకదాన్నొకటి రాసుకుని కొత్త గరిటెల్లా మెరుస్తున్నాయి. ఇంకొంచెం జరిగితే ఇరుసు పక్కకు పోతుంది. దిగుడులో, మలుపులో, తొమ్మిదిమందితో.

గోవిందప్ప చాలాసేపు ఆ అంచుల్ని చూశాడు. తరువాత లేచి, నిమ్మకాయల దండ తెంపబోయి, తెంపకుండానే వదిలేశాడు.

“రెండు వారాలు తిప్పినావు సామీ నన్ను,” అన్నాడు, పెదాలు కనిపించేలా మొహం ఎదురుగా పెట్టి.

“తిప్పానండి.”

ఉద్యోగులు నడిచి, రాయదుర్గం వైపు ఆటోలు వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

సంగతి మూసాపేటకు చేరడానికి రెండు రోజులు పట్టింది. కొందరు బండ్లు తేవడం మానేశారు. కొందరు నమిలే మేస్త్రిని చూడటానికే వచ్చారు. గోవిందప్ప వ్యాన్ మాత్రం ఇంకో మేస్త్రి దగ్గరికి వెళ్లలేదు. గంగమ్మ పిలవడం మానేసింది. టీ తెచ్చి, ఆయన వంగి ఉన్న బండి రేకు మీద గ్లాసు అడుగుతో మూడుసార్లు కొడుతుంది. అది ఆయన అరచేతికి తగులుతుంది. తల ఎత్తి గ్లాసు అందుకుంటాడు.

ఒక్కోసారి మూడు దెబ్బలూ తగిలి తల ఎత్తితే, పక్కన ఎవరూ ఉండరు. గంగమ్మ అవతల తన టీ బండి దగ్గరే ఉంటుంది.