రెజిన్ పట్టని నార

మార్కాపురంలో మూతపడిన పలకల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, కిత్తనారతో రేకులు చేస్తానన్నాడు మా తమ్ముడు. నారను సన్నగా తరిగి, రెజిన్ జిగురులో కలిపి, అచ్చులో ఒత్తితే చెక్కలాంటి రేకు వస్తుంది. కుర్చీలకు పనికొస్తుంది. పత్రికలో ఉన్నన్నాళ్లూ మూతపడిన షెడ్ల గురించే వార్తలు రాశాను. ఒకటి తెరుచుకుంటుందంటే కాదనడానికి మనసొప్పలేదు.

ఒంగోలు నుంచి కుర్చీల వ్యాపారి నమూనా చూడటానికి వస్తానన్నాడు. ఆయన సరేనంటే షెడ్డు నిలుస్తుంది, లేదంటే నెలాఖరుకు ఖాళీ చేయాలి.

బజారులో కొన్న నారతో మొదట చేసిన రేకులు గట్టిగా వచ్చాయి. వ్యాపారి కోసం చేసినవే పొరలు పొరలుగా లేచాయి. తమ్ముడు రెజిన్ డబ్బా మార్చాడు. జిగురు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ పెంచాడు. నారను మళ్లీ ఎండబెట్టాడు. అచ్చు చేసినాయనతో ఫోన్లో గొడవపడ్డాడు. రోజూ అదే వరస. చూసి చూసి నాకే విసుగు పుట్టింది.

వ్యాపారి వచ్చి, రేకు మూలను రెండు వేళ్లతో విరిచాడు. "ప్లాస్టిక్కే నయం సార్" అంటూ కారెక్కాడు.

ఆ మధ్యాహ్నమే, ఆ రేకులకు నార తీసిచ్చిన ముసలామె ఇంకో కట్టతో యర్రగొండపాలెం బస్సు దిగి వచ్చింది. పగ్గాలు పేనడం ఆమె పని. తమ్ముడు విరిగిన ముక్కలోంచి ఒక పోగు లాగాడు. రెజిన్ మరకైనా లేకుండా, నున్నగా ఊడి వచ్చింది.

"పెద్దమ్మా, నారకేమన్నా పూసినావా?"

"ఏం పూస్తా అబ్బయ్యా, ఆముదమే. చేతికి రాసుకొని దువ్వినా."

"నూనె ఉంటే రెజిన్ ఎట్ల పట్టుద్ది? ఇది పగ్గానికి కాదని చెప్పినా గదా!"

"కుర్చీలకని చెప్పినావు. నలుగురు కూర్చునేదానికి గరుకు నార ఇస్తే నాకేం మర్యాద? పగ్గానికైతే ఇంత నూనె పొయ్యను. నీ పనని ఎక్కువే పోసినా. మా పాస్టరయ్యతో ప్రార్థన గూడా చేయించినా."

తమ్ముడు తల పట్టుకున్నాడు. తిట్టడానికి నోరు రావడం లేదు, ఊరుకోవడానికి మనసు ఒప్పడం లేదు. నాకు వ్యాపారి మీద కోపం వచ్చింది, రెజిన్ అమ్మినవాడి మీద వచ్చింది. ఆమె మీద మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. అది ఇంకా చిరాకు.

"అంత మొగం మాడ్చుకుంటావేంది? ఈతూరి ఒట్టి నారే తెస్తాలే. ఎప్పటికి కావాల?"

వాడు షెడ్డు యజమానికి ఫోన్ కలిపి, తాళం ఎవరికివ్వాలో అడుగుతూ బయటికి నడిచాడు.