గానుగ నుంచి విప్పిన ఎద్దు

నా చిన్నప్పుడు నాకు ఒక ఎద్దు మీద పట్టరాని కోపం ఉండేది. నిజం ఎద్దు కాదు, నవల్లోది. పాతపట్నంలో మాది కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత కాగితాల్లో ఆ పుస్తకం వచ్చింది. అట్టలు లేవు, పేరు తెలీదు. మా నాన్న వెనకనుంచి చింపుకుంటూ వచ్చేవాడు, మా మేనత్త ముందునుంచి చదివి నాకు వినిపించేది.

దూడగా ఉన్నప్పుడు ఆ ఎద్దు ఊరంతా పరుగులే. పట్టుకోబోతే కుమ్మేది. కరువొచ్చి దాన్ని గానుగకి అమ్మేశారు. కళ్ళకి గంతలు కట్టి ఏళ్ళ తరబడి తిప్పారు. చివరికి ఒక పుణ్యాత్ముడు కొని, గంతలు విప్పి పచ్చిక బయల్లో వదిలాడు. ఇక చూడు దాని పరుగు అనుకున్నాను. ఆ వెధవ ఎద్దు పరిగెత్తలేదు. ఆ పచ్చికలోనే గుండ్రంగా తిరగడం మొదలెట్టింది! తర్వాతి పేజీలు లేవు. మా నాన్న అప్పటికే వాటిల్లో మిరియాలు కట్టి అమ్మేశాడు.

నాకు ఏడుపొచ్చింది. "తాడు లేదు కదత్తా! ఇంకా ఎందుకు తిరుగుతాది? బుద్ధి లేదా దానికి?" అని పుస్తకం విసిరికొట్టాను.

అత్త తిట్టలేదు. పుస్తకం తీసి దులిపింది. "తాడు ఇప్పీసినారని మనకి తెలుసునే. దాని కాళ్ళకి ఇంకా తెలీలేదు. ఏటి సేస్తాది?" అంది.

నాకది ఉత్త సాకులా తోచింది. ఆ ఉక్రోషంతోనే కాసేపటికి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. అత్త అన్నం తింటోంది. పొయ్యి పక్కన నిలబడి, కంచం చేత్తో పట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ గబగబా తింటోంది. అత్తారింట్లో ఆవిణ్ణి కూర్చుని తిననిచ్చేవారు కారట. తాతయ్య ఆవిణ్ణి అక్కణ్ణుంచి తెచ్చేసి అప్పటికే ఏళ్ళయింది. మా నాయనమ్మ రోజూ "కూకోవే తల్లీ" అని మొత్తుకునేది. "పర్లేదమ్మా" అనేది అత్త.

నేను పీట వాల్చాను. అత్త కూర్చోలేదు. చెయ్యి పట్టుకుని లాగాను. కూర్చుంది, రెండు ముద్దలు తింది, ఎవరో పిలిచినట్టు లేచిపోయింది. ఎవరూ పిలవలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఈమధ్య విజయనగరంలో మా అపార్ట్‌మెంట్లో, నరకం లాంటి కాపురం వదిలి పుట్టింటికొచ్చిన ఒక పిల్లని చూపించి, "ఇప్పుడు దానికేటి తక్కువ? నవ్వుతూ ఉండొచ్చు కదా" అంది పక్కింటావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంతసేపూ ఈ పిల్లనే అడుగుతారు. అన్నాళ్ళూ కట్టేసి ఉంచినవాళ్ళని మాత్రం ఒక్కరూ ఏమీ అడగరు.