పండింది కాదు, ఎండింది

ఆ ఏడు మా పొలం అందరికంటే ముందే పండిందనీ, సమయానికి కోత మిషన్ దొరకక చేజారిందనీ వీపనగండ్ల దిక్కున ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో, పెబ్బేరు సంతలో, ఆఖరికి మా ఇంట్లో కూడా. నేనున్న చోట చెప్తే మాత్రం ఊరుకోను. అది పండలేదు, ఎండింది. తేడా ఒక్క అక్షరమే కావచ్చు, కానీ ఆ అక్షరంలోనే మా ఏడాది బువ్వ పోయింది.

కాలువ కింది ఆ మడి మాకు కౌలుది. పంట బాగా తీస్తేనే మళ్లీ ఏడు మీకిస్తానని భూమిగలాయన ముందే చెప్పాడు.

గింజ ఇంకా పాలు పోసుకుంటున్న రోజులవి. ఒక పొద్దున పక్క మడి ఆయన, మాకు మరిది వరస, గట్టు మీద బండి ఆపాడు.

“వదినె, మీ పొలం నడుమ అప్పుడే రంగు తిరిగె గదా. మిషనోనికి చెప్పుకోండ్రి. మాకన్న ముందు కొత్త బువ్వ మీరే తింటరు.”

“మా ఇంటామె నోటికి భయపడి పండిందిరా,” అన్నాడు మా ఆయన. ఇద్దరూ నవ్వారు.

“ఒక్కటే ఇత్తనం, ఒక్క వారంల నాటినం,” అన్నాను. “ఆయనది పచ్చగున్నది, మనదెట్ల పండుతది? దానికేమన్న బస్సు పోతదా?”

“నేల బలం. అన్నిటికి వకీలు లెక్క అడ్డం తిరుగుతవు.”

పండిన కంకి బరువుకు తల వంచుతుంది. మా కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆ రంగు కూడా మడి అంతటా లేదు, పెద్ద గంప బోర్లించి తీసినట్టు నడుమ గుండ్రంగా ఉంది. పిచ్చుకల గుంపు మా మడి మీదుగా ఎగిరిపోయి పక్కదాంట్లో వాలింది. గాలి వీస్తే పక్క పొలం మెల్లగా ఊగుతోంది. మాది గరగరమంటోంది.

చీర ఎగ్గట్టి దిగాను. ఒక దుబ్బు విడదీస్తే, నీళ్లకు కాస్త పైన, నువ్వులు చల్లినట్టు గోధుమరంగు పురుగులు. నా పిక్కల మీదికి ఎగిరాయి. మురిగిన వాసన. సుడిదోమ. సుడి తిరిగినట్టు ఎండబెడుతుంది గనకే దానికా పేరు. కంకి తెంపి అరచేతిలో నలిపి ఊదాను. చేతిలో ఏమీ మిగల్లేదు.

“జర దిగి చూడు. దోమ పట్టింది. ఇయ్యాలనే నీళ్లు తీసి మందు కొడితే అంచులన్న దక్కుతయ్.”

మా ఆయన గట్టు మీద చెప్పులు కూడా విడవలేదు. “ఈడికెంచి కనపడుతనే ఉన్నది. పండింది.”

“ఈడికెంచి చూస్తే తాలు గూడ వడ్లే.”

“లొల్లి పెట్టకు. నలుగురు వింటరు.”

“విననీ. ఒక్కడన్న మందు డబ్బా పట్టుకొస్తడు.”

ఆయన వెళ్లిపోయాడు. నేనే పార తీసుకుని, నీళ్లు పోయేందుకు గట్టుకున్న మడవ తెంపాను. నీళ్లు మురుగు కాలువలోకి దిగడం చూసి ఇంటికి వచ్చాను.

సాయంత్రం పోయి చూస్తే మడవ మళ్లీ కట్టేసి ఉంది. తడి మట్టి మీద వేళ్ల గుర్తులు ఇంకా ఆరలేదు. మడి నిండా నీళ్లు. పొద్దున ఒక్కటిగా ఉన్న సుడి పక్కన ఇంకో రెండు మొలిచాయి.

ఎవరు కట్టారని మా ఆయన్ని అడిగితే, “నేనే,” అన్నాడు. వారం తిరిగేసరికి సుడులన్నీ కలిసిపోయాయి. అప్పుడు తెచ్చిన మందు ఎండుగడ్డి మీద కొట్టినట్టే అయింది. మిషన్ రానే వచ్చింది, చెప్పిన రోజే వచ్చింది. వెనక నుంచి పొట్టు పొగలా లేచింది గానీ గింజ పడలేదు. మళ్లీ ఏటికి భూమిగలాయన ఆ మడిని మరిది చేతిలో పెట్టాడు.

కోత దగ్గరపడితే ఎవరైనా మడిలో నీళ్లు తీసేస్తారు, నిలబెట్టరు. మరి పండిందని ఊరందరికీ చెప్పిన మా ఆయన ఆ సాయంత్రం మడవ ఎందుకు కట్టినట్టు?